సెమ్ గది బయట వినకూడని సలహాలు

బంకమట్టి మీద పరిశోధన చేసే కుర్రాళ్లకి సలహాలకి కొదవలేదు. సెమ్ (స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) గది బయట బెంచీ మీద స్లాట్ కోసం కూర్చుంటే చాలు, పక్కనున్న ప్రతివాళ్లూ ఒక చిట్కా చెబుతారు. వాళ్లలో ఎక్కువమంది లోహాల మీదో, టైల్స్ మీదో, నానో పొడుల మీదో పనిచేసేవాళ్లు. వాళ్ల పనికి ఆ చిట్కాలు సరిపోతాయి. మట్టి దగ్గరికి వచ్చేసరికి దారి తప్పిస్తాయి. ఎందుకు తప్పిస్తాయో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి అవే మాటలు ఒక థీసిస్ నుంచి ఇంకో థీసిస్‌లోకి పోతూనే ఉన్నాయి. వాటిలో బాగా ప్రచారంలో ఉన్నవాటిని ఇక్కడ పెడుతున్నాను, ప్రతిదానికీ నా జవాబుతో సహా. పొలంలో నీళ్లు ఎంతసేపు నిలుస్తాయి, ఇంటి పునాది ఎందుకు బీటలిస్తుంది, పింగాణీ ఎందుకు తెల్లగా రాలేదు అనే ప్రశ్నలకి జవాబులు చివరికి ఈ అంకెల మీదే నిలబడతాయి. అందుకే ఇంత పట్టింపు.

"ఆ రేకు మీద పాయింట్ పెట్టు తమ్ముడూ, దాని కంపోజిషన్ వచ్చేస్తుంది."

మిగతా తప్పులన్నిటికీ తల్లి ఈ సలహా. తెర మీద కయోలినైట్ రేకు స్పష్టంగా కనిపిస్తుంది, దాని మధ్యలో గుర్తు పెడతాం, ఎక్స్‌రేల శక్తిని బట్టి మూలకాల్ని గుర్తించే ఈడీఎస్ నుంచి నిమిషంలో అల్యూమినియం ఇంత, సిలికాన్ ఇంత అని పట్టిక వస్తుంది. ఆ పట్టిక ఆ రేకుదేనని నమ్మేస్తాం. నిజానికి 15 కిలోవోల్టుల ఎలక్ట్రాన్ పుంజం సిలికేట్‌లోకి దిగితే రెండు మైక్రాన్ల పైమాటే పోతుంది. 20 దగ్గరైతే నాలుగు మైక్రాన్ల దాకా. మట్టిలో బంక భాగం అంటేనే రెండు మైక్రాన్ల లోపు కణాలు. రేకు వెడల్పు అంత ఉన్నా మందం అందులో పదో వంతో ఇరవయ్యో వంతో ఉంటుంది. పుంజం ఆ రేకుని దాటి, కింద రేకునీ, దాని కింద ఇరుక్కున్న క్వార్ట్జ్ ముక్కనీ, పక్కనున్న ఐరన్ ఆక్సైడ్‌నీ కూడా కదిలించి, అన్నిటి ఎక్స్‌రేల్నీ కలిపి డిటెక్టర్‌కి పంపిస్తుంది. ఫోటోకీ స్పెక్ట్రమ్‌కీ మధ్య ఉన్న తేడా ఇక్కడే. ఫోటో పైపైన కొన్ని నానోమీటర్ల నుంచి వస్తుంది, కంపోజిషన్ అంతకు కొన్ని వందల రెట్లు లోతు నుంచి వస్తుంది. తెర మీద కనిపించేదాన్నే కొలిచాం అనుకోవడం కళ్లు చేసే మోసం.

దీనివల్ల ఏమవుతుందో లెక్క వేసి చూడండి. కయోలినైట్‌లో అల్యూమినియం, సిలికాన్ పరమాణువులు సమానం: రెండుకి రెండు. దాని పక్కన రెండు సిలికా యూనిట్లు చేరాయనుకుందాం. ఇప్పుడు రెండు అల్యూమినియంకి నాలుగు సిలికాన్. నిష్పత్తి 0.5. పైరోఫిల్లైట్ అనే ఇంకో ఖనిజం నిష్పత్తి సరిగ్గా అదే. బరువులో మూడో వంతుకి కాస్త తక్కువ క్వార్ట్జ్ కలిసిన మామూలు కయోలినైట్, ఈడీఎస్ పట్టికలో నిఖార్సయిన పైరోఫిల్లైట్‌లా కనిపిస్తుంది. పట్టికలో ఎక్కడా అనుమానం రాదు. ఇంకోటి: కయోలినైట్ ఒక యూనిట్, పొటాషియం ఫెల్డ్‌స్పార్ ఒక యూనిట్ కలిస్తే పొటాషియం ఒకటి, అల్యూమినియం మూడు, సిలికాన్ అయిదు. అంటే సిలికాన్‌తో పోలిస్తే పొటాషియం 0.2, అల్యూమినియం 0.6. అమెరికాలో మాంటానాలోని సిల్వర్ హిల్ నుంచి వచ్చే ఇల్లైట్‌ని క్లే మినరల్స్ సొసైటీ ప్రామాణిక నమూనాగా ఇస్తుంది, దాని నిష్పత్తులు కూడా దాదాపు అవే. ఆ ఇల్లైట్‌ని విడిగా చూపించేది అందులోని ఐరన్, మెగ్నీషియం. ఆ రెండు పీకుల్నీ పట్టించుకోనివాళ్లు గ్రానైట్ నేలలో ఇల్లైట్ దొరికిందని రాసేస్తారు.

కాబట్టి ఒక్క పాయింట్ ఎప్పుడూ చాలదు. ఒకే శాంపిల్‌లో వేర్వేరు చోట్ల చాలా స్పెక్ట్రాలు తీసి, అల్యూమినియం–సిలికాన్ గ్రాఫ్ మీద అన్నిటినీ చుక్కలుగా పెట్టాలి. చుక్కలన్నీ ఒకచోట గుమిగూడితే ఖనిజం ఒకటే అనుకోవడానికి ఆధారం ఉంది. ఒక గీత మీద బారుగా సాగితే అది మిశ్రమం. ఆ గీత రెండు కొసలూ ఏ ఖనిజాల వైపు చూస్తున్నాయో కనిపెట్టడం మీ పని.

"అంత లోతుకి దిగుతోంది అనుకుంటే కిలోవోల్టులు తగ్గించెయ్" అని కొంచెం తెలిసినవాళ్లు చెబుతారు. సగం నిజం. 5 కిలోవోల్టుల దగ్గర పుంజం అర మైక్రాన్ లోపే ఆగుతుంది, అది గొప్ప లాభమే. అల్యూమినియం, సిలికాన్, మెగ్నీషియం పీకులు బాగానే వస్తాయి. కానీ ఐరన్ ప్రధాన పీకు 6.40 కేఈవీ దగ్గర ఉంటుంది, అది రావాలంటే పుంజంలో 7.11 కేఈవీకి మించి శక్తి కావాలి. 5 దగ్గర ఐరన్‌కి మిగిలేది 0.70 కేఈవీ పీకు ఒక్కటే. అది ఫ్లోరిన్ పీకుకి ఆనుకుని, ఆక్సిజన్‌కి దగ్గర్లో ఉంటుంది. నల్లరేగడి స్మెక్టైట్ లాంటి ఐరన్ ఉన్న మట్టికి ఈ సలహా పాటిస్తే మీకు అసలు కావలసిన మూలకాన్నే పోగొట్టుకుంటారు. ముందు ఏ మూలకం కావాలో తేల్చుకుని, దాని కోసం కిలోవోల్టులు ఎంచుకోవాలి. రెండు వోల్టేజీల దగ్గర తీసి పోల్చినా మంచిదే.

ఇక శాంపిల్ తయారీ దగ్గర చెప్పే మాటలు. "స్టబ్ మీదే ఒక చుక్క వేసి ఆరబెట్టెయ్, టేప్ ఎందుకు?" శాంపిల్‌ని నిలబెట్టే ఆ స్టబ్ అల్యూమినియంతో చేసినది. ఆ చుక్క ఆరాక మిగిలే పొర ఒక మైక్రానో, అంతకంటే తక్కువో. పుంజం దాన్ని చీల్చుకుని స్టబ్‌లోకి దిగుతుంది. మీరు వెతుకుతున్న మూలకాన్నే స్టబ్ ధారాళంగా అందిస్తుంది. కయోలినైట్‌లో అల్యూమినియం సిలికాన్‌ని మించి వచ్చిందని బాక్సైట్ కలిసిందేమో అని ఆలోచించేవాళ్లు ముందు స్టబ్‌ని అనుమానించాలి. గాజు స్లైడ్ మీద వేస్తే సిలికాన్, సోడియం, కాల్షియం దొంగచాటుగా వస్తాయి. సిలికాన్ వేఫర్ గురించి చెప్పనక్కర్లేదు. మందంగా ఉండే కార్బన్ టేప్ గానీ గ్రాఫైట్ బిళ్ల గానీ వాడండి. కణం పక్కనే ఖాళీ టేప్ మీద ఒక స్పెక్ట్రమ్ తీయండి. అక్కడ అల్యూమినియం పీకు కనిపించిందా, అది మట్టిది కాదు.

"బంగారం కోటింగే వేయించు, ఫోటో బాగా వస్తుంది." ఫోటోకి నిజంగానే బంగారం బాగుంటుంది. కంపోజిషన్‌కి పనికిరాదు. బంగారం పీకు 2.12 కేఈవీ దగ్గర ఉంటుంది. ఫాస్ఫరస్ 2.01, సల్ఫర్ 2.31. ఈ మూడూ ఒకదాని మీద ఒకటి ఒరుగుతాయి. ఇందులో ఇంకో చిక్కు దాగి ఉంది. మట్టి కణాల్ని విడదీయడానికి చాలా ల్యాబుల్లో కాల్గాన్ వాడతారు, అంటే సోడియం హెక్సామెటాఫాస్ఫేట్. సరిగ్గా కడగకపోతే అందులోని ఫాస్ఫరస్ రేకుల అంచులకి అంటుకుని ఉండిపోతుంది. సోడియం పొరల మధ్యకి చేరుతుంది. బంగారం కోటింగ్ వేసిన శాంపిల్‌లో ఆ ఫాస్ఫరస్ కనిపించదు, ఎందుకంటే దాని పీకు బంగారం కొండ కింద ఉంటుంది. దాంతో సోడియం ఎక్కువగా ఉన్న స్మెక్టైట్ దొరికిందని సంతోషంగా రాసుకుంటారు. కార్బన్ కోటింగ్ వేయించండి. ఫాస్ఫరస్ పీకు కనిపిస్తే శాంపిల్‌ని మళ్లీ కడగండి. అన్నిటికంటే మంచి పని, కాల్షియం క్లోరైడ్ ద్రావణంతో శాంపిల్‌ని నింపి, క్లోరైడ్ పోయేదాకా కడిగి, పొరల మధ్య ఉన్నది కాల్షియమే అని తేల్చుకుని వెళ్లడం. అప్పుడు స్పెక్ట్రమ్‌లో సోడియం వస్తే అది మట్టిలోని ఇంకో ఖనిజానిది.

మధ్యలో ఒక చిన్న మాట. బంక భాగాన్ని వేరు చేసేటప్పుడు పది సెంటీమీటర్ల నీటిలో ఎనిమిది గంటలు ఆగమని పుస్తకాల్లో ఉంటుంది. ఆ లెక్క 20 డిగ్రీలకి. మన వేసవిలో ఏసీ లేని గదిలో నీరు 30 డిగ్రీలుంటుంది, పలచబడుతుంది, రెండు మైక్రాన్ల కణం ఆరు గంటల పైచిలుకులోనే దిగిపోతుంది. బీకర్‌లో థర్మామీటర్ పెట్టండి.

"మొత్తం వందకి వచ్చింది కదా అన్నా, ఇంక ఏంటి అనుమానం?"

వందకి తెచ్చింది సాఫ్ట్‌వేర్. హైడ్రోజన్ ఎక్స్‌రేల్లో కనిపించదు కాబట్టి నీరు లెక్కలోకి రాదు. కయోలినైట్ బరువులో 14 శాతం నీరే. సిలికా 46.5, అల్యూమినా 39.5, మిగతాది నీరు. ఆ 86 శాతాన్ని సాగదీసి వంద చేసి చూపిస్తే అందంగా ఉంటుంది, అంతే. వందకి సాగదీయడాన్ని ఆపేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. 1951లో పారిస్‌లో రేమండ్ కాస్టేంగ్ తన థీసిస్‌లో ఎలక్ట్రాన్ ప్రోబ్‌తో కంపోజిషన్ కొలిచే పద్ధతికి పునాది వేశాడు. ఆ పద్ధతిలోంచి వచ్చిన దిద్దుబాటు లెక్కలన్నీ శాంపిల్ అద్దంలా నునుపుగా, ఒకే పదార్థంగా ఉందని అనుకునే చేసినవి. మీరు పెట్టింది పొడి. ఒక కణం డిటెక్టర్ వైపు వంగి ఉంటుంది, ఇంకోటి అటు తిరిగి ఉంటుంది, మధ్యలో లోయలు. మొత్తం 60 వచ్చినా 110 వచ్చినా అందులో మట్టి గురించి చెప్పేది తక్కువ, ఉపరితలం గురించి చెప్పేదే ఎక్కువ. పొడి శాంపిల్‌కి నిష్పత్తుల్నే నమ్మండి. శాతాలు కచ్చితంగా కావాలంటే మట్టిని రెసిన్‌లో బిగించి, పాలిష్ చేసి, తెలిసిన ఖనిజాల ప్రమాణాలతో ప్రోబ్ మీద పెట్టండి. రెండు మైక్రాన్ల కష్టం అప్పుడూ పోదు, అది గుర్తుంచుకోండి.

ఐరన్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ఈడీఎస్ ఐరన్ ఎంతుందో చెబుతుంది. అది రెండు విద్యుదావేశాలదో మూడింటిదో చెప్పలేదు. పట్టికలో "ఫెర్రిక్ ఆక్సైడ్" అని రాసి ఉంటే అది సాఫ్ట్‌వేర్‌లో ఎవరో ఎంచుకున్న సెట్టింగ్. లిథియం సంగతైతే, మామూలు డిటెక్టర్‌కి అది కనబడనే కనబడదు. హెక్టొరైట్ లాంటి లిథియం ఖనిజం మీద పనిచేస్తూ ఈడీఎస్ మీద ఆధారపడడం పనికిరాని పని.

"షట్కోణం కనిపిస్తే కయోలినైట్, గొట్టం కనిపిస్తే హాలోయ్‌సైట్." చదువుకునే పుస్తకాల్లో మొదటి బొమ్మలు ఇవే కాబట్టి ఈ సలహా బాగా నాటుకుపోయింది. హాలోయ్‌సైట్ గొట్టాలు ఎలా చుట్టుకుంటాయో 1950లో బేట్స్, ఆయన సహచరులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ బొమ్మలతో వివరించిన దగ్గర్నుంచి ఆ ఆకారం ప్రసిద్ధం. కానీ హాలోయ్‌సైట్ గోళీల్లా కూడా ఉంటుంది, రేకుల్లా కూడా ఉంటుంది. గొట్టాలు క్రైసోటైల్ ఆస్బెస్టాస్‌లోనూ ఉంటాయి. షట్కోణాలు డిక్కైట్‌లోనూ ఉంటాయి. కయోలినైట్, డిక్కైట్, నాక్రైట్ మూడింటి కంపోజిషన్ ఒకటే, పొరలు పేర్చిన తీరులోనే తేడా. నీరు తీసేసిన హాలోయ్‌సైట్‌దీ అదే కంపోజిషన్. అంటే ఇక్కడ ఫోటో ఒంటరిగా చాలదు, ఈడీఎస్ ఒంటరిగా చాలదు, రెండూ కలిసినా చాలవు. పైగా నీటితో ఉన్న హాలోయ్‌సైట్ పొర మందం 10 ఆంగ్‌స్ట్రామ్‌లు. మైక్రోస్కోప్ వాక్యూమ్‌లోకి వెళ్లగానే నీరు పోయి 7కి కుంచించుకుపోతుంది, మళ్లీ తిరిగి రాదు. వాక్యూమ్‌లోంచి తీసిన శాంపిల్‌ని ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కి) పంపే అలవాటు ఉన్న ల్యాబుల్లో 10 ఆంగ్‌స్ట్రామ్‌ల హాలోయ్‌సైట్ ఎప్పటికీ దొరకదు.

అందుకే "ఎక్స్‌ఆర్‌డీకి మళ్లీ డబ్బులెందుకు, సెమ్ చాలు" అనే మాటని నేను గట్టిగా కాదంటాను. ముందు ఎక్స్‌ఆర్‌డీ, తర్వాతే సెమ్. గాజు మీద పొరగా ఆరబెట్టిన శాంపిల్‌ని మూడు విధాలుగా చూడాలి. మామూలుగా ఆరినప్పుడు ఒకసారి, ఇథిలీన్ గ్లైకాల్ పట్టించి ఒకసారి, 550 డిగ్రీలకి కాల్చి ఒకసారి. గ్లైకాల్‌తో 17 ఆంగ్‌స్ట్రామ్‌లకి ఉబ్బి, కాల్చాక 10కి కుంగితే స్మెక్టైట్. కాల్చాక 7 ఆంగ్‌స్ట్రామ్‌ల పీకు పూర్తిగా మాయమైతే కయోలినైట్. కాల్చినా 14 దగ్గర నిలబడితే క్లోరైట్. ఇంత చవకైన, ఇంత నమ్మకమైన సాక్ష్యం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఇవ్వలేదు. అది ఇచ్చేది ఇంకోటి: ఏది దేని పక్కన ఉంది, ఏది ముందు పుట్టింది, ఏది దేన్ని తినేసింది. ఆ ప్రశ్నలతో వెళ్తే సెమ్‌కి మించినది లేదు.

ఇప్పుడు నల్లరేగడి. ఆదిలాబాద్ ప్రాంతంలో దక్కన్ బసాల్ట్ మీద తయారైన నల్లమట్టి గురించి చదివేవాళ్లకి తరచుగా చెప్పే సలహా: "ఓవెన్‌లో రాత్రంతా 105 డిగ్రీల దగ్గర పెట్టి తీసుకెళ్లు." వేసవిలో చేనులో కాలు దిగేంత బీటలిచ్చే నేల అది. ఆ బీటలకి కారణమైన స్మెక్టైట్‌నే ఓవెన్‌లో పెట్టి ఎండబెడుతున్నారు! పొరల మధ్య నీరు పోతుంది, రేకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మధ్య ఖాళీలు మూసుకుపోతాయి. తెర మీద కనిపించే గట్టి గడ్డలు పొలంలో లేవు, ఓవెన్‌లో తయారయ్యాయి. ఫ్రీజ్ డ్రై చేస్తే మేలే, కానీ దానిలోనూ తొందరపాటు కుదరదు. మెల్లగా గడ్డకడితే మంచు స్ఫటికాలు పెరిగి మట్టిని పక్కలకి నెట్టేస్తాయి. మంచు కరగకుండానే ఆవిరైపోయాక తేనెపట్టులాంటి గదులు మిగులుతాయి. ఆ గదుల ఫోటోలకి "నేల సహజ నిర్మాణం" అని పేరు పెట్టి అచ్చు వేసినవి ఉన్నాయి. మిల్లీమీటర్ల ముక్కని ద్రవ నైట్రోజన్‌తో చల్లార్చిన ద్రవంలో ఒక్కసారిగా ముంచాలి, అప్పుడు స్ఫటికాలకి పెరిగే సమయం ఉండదు. తేమతోనే చూడగల ఎన్విరాన్‌మెంటల్ సెమ్ అందుబాటులో ఉంటే ఇంకా మంచిది. కంపోజిషన్ ఒక్కటే కావాలి, నిర్మాణం అక్కర్లేదు అనుకుంటే ఓవెన్‌తో పెద్ద నష్టం లేదు. అది మాత్రం ముందే తేల్చుకోండి.

"సెమ్‌తో ఇంత తంటా ఎందుకు, టెమ్‌కి వెళ్లిపో. ఒక్కో రేకునీ విడిగా కొలవొచ్చు." కొలవొచ్చు, నిజమే. టెమ్ అంటే ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్, దాన్లో పలచని రేకులోంచి పుంజం సూటిగా దూసుకుపోతుంది, పక్కకి చెదిరేది తక్కువ. 1975లో క్లిఫ్, లోరిమర్ ఇచ్చిన నిష్పత్తి పద్ధతి అలాంటి పలచని శాంపిళ్లకే. కానీ బంకమట్టి రేకు ఆ పుంజం కింద ఎక్కువసేపు బతకదు. కయోలినైట్ నిమిషాల్లోనే స్ఫటిక రూపం కోల్పోతుంది. పొరల మధ్య వదులుగా ఉన్న సోడియం, పొటాషియం లేచిపోతాయి. వయోమింగ్ బెంటొనైట్‌లో సోడియం కొలవడానికి పుంజాన్ని సన్నగా చేసి ఒక్కచోట నిలిపితే, మీరు కొలిచేది పోగా మిగిలిన సోడియం. పైగా రాగి గ్రిడ్ పీకు ఒకటి 0.93 కేఈవీ దగ్గర, సోడియంకి ఆనుకునే ఉంటుంది. పుంజాన్ని వెడల్పు చేసి, రేకు అంతటా తిప్పుతూ, వీలైతే చల్లార్చే హోల్డర్ వాడి, తక్కువ సేపట్లో ముగించండి. ఒకే రేకు మీద మొదటి కొన్ని సెకన్ల లెక్కనీ ఆ తర్వాతి సెకన్ల లెక్కనీ విడివిడిగా ఉంచి, పొటాషియం–సిలికాన్ నిష్పత్తి పడిపోతోందేమో చూడండి. పడిపోతుంటే ఆ రేకు అంకెల్ని వదిలేయండి.

చివరికి అందరూ చేసేది నిర్మాణ సూత్రం. "పదకొండు ఆక్సిజన్లకి లెక్క వెయ్, ఫార్ములా వచ్చేస్తుంది." స్మెక్టైట్, ఇల్లైట్‌లకి పదకొండు, కయోలినైట్‌కి ఏడు, క్లోరైట్‌కి పద్నాలుగు. లెక్క తప్పు కాదు. శాంపిల్‌లో ఆ ఖనిజం ఒక్కటే ఉందన్న నమ్మకమే తప్పు. జార్జియాలోని వాషింగ్టన్ కౌంటీ కయోలినైట్ కూడా ప్రపంచమంతా వాడే ప్రామాణిక నమూనాయే. దానిలో 1.4 శాతం దాకా టైటానియం ఆక్సైడ్ ఉంటుంది. దాన్ని కయోలినైట్ పొరలో కూర్చోబెట్టి ఫార్ములా రాయడం సులువు. కానీ ఆ టైటానియంలో ఎక్కువ భాగం అనాటేజ్ అనే వేరే ఖనిజపు చిన్న కణాలుగా ఉంది. మీ ఫార్ములా మీకే హెచ్చరిక చేసే చోట్లు కొన్ని ఉన్నాయి, వాటిని చూడండి. పదకొండు ఆక్సిజన్ల లెక్కలో సిలికాన్ 4 దాటిందా, కూర్చునే చోటు లేదు కాబట్టి విడిగా సిలికా కలిసినట్టే. అష్టముఖి పొరలోని మొత్తం రెండుకీ మూడుకీ మధ్య ఎక్కడో తేలిందా, ఐరన్ ఆక్సైడ్ గానీ ఇంకో ఖనిజం గానీ కలిసింది. లేకపోతే పొరల మధ్య ఉండాల్సిన మెగ్నీషియంని మీరు పొరలో పెట్టారు. మూడో దశాంశ స్థానం దాకా రాయడం కంటే ఈ రెండు చోట్లా ఆగి ఆలోచించడం ముఖ్యం.

స్లాట్ అయిపోయాక ఆపరేటర్ ఇచ్చే పట్టిక ప్రింటు ఒక్కటే పట్టుకుని రాకండి. "సార్, అసలు స్పెక్ట్రమ్ ఫైళ్లు కూడా కాపీ చేసి ఇవ్వండి" అని అడగండి. వాళ్లు ఇస్తారు. కిలోవోల్టులు, కోటింగ్, ఏ పాయింట్ ఏ ఫోటోలోది, సాగదీయక ముందు మొత్తం ఎంత వచ్చింది, అన్నీ అక్కడే నోట్‌బుక్‌లో రాసుకోండి. రేపు ఎవరైనా ఆ అల్యూమినియం మట్టిదా స్టబ్‌దా అని అడిగితే, పీకుల్ని మళ్లీ తెరిచి చూడాల్సింది ఆ ఫైళ్లలోనే.